ట్రాన్స్‌పోజ్ బటన్ గారికి బహిరంగ లేఖ

శ్రీయుత ట్రాన్స్‌పోజ్ బటన్ గారికి,

నల్లగొండలో క్లాక్ టవర్‌కు కాస్త దూరంగా, మేడ మీద గదిలో పియానో, విశ్లేషణ, స్వరరచన ప్రైవేటుగా చెప్పుకు బతికే మాస్టారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

నా దగ్గరికి వచ్చే పిల్లల కీబోర్డులకు 61 మెట్లు. 36 తెల్లవి, 25 నల్లవి. తెల్లవి జిడ్డెక్కి అరిగిపోయాయి. నల్లవి నిన్ననే షాపు నుంచి దిగినట్టు మెరుస్తున్నాయి. ఆ మెరుపంతా మీ చలవే. పాట ఏ శ్రుతిలో ఉన్నా మావాళ్ల వేళ్లు తెల్ల మెట్ల సి మేజర్ గడప దాటవు. మిగతాది మీరు చూసుకుంటారు: ఒక్కో నొక్కుకు కీబోర్డు మొత్తాన్నీ అర శ్రుతి చొప్పున పైకో కిందికో జరుపుతారు.

మీది పెద్ద వంశమని నాకు తెలుసు. ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1827లో ఆరు ఫ్లాట్లు (స్వరాన్ని అర శ్రుతి దించే గుర్తులు) పెట్టి జి ఫ్లాట్ మేజర్‌లో ఇంప్రాంప్టు అనే చిన్న పియానో రచన ఒకటి రాస్తే, 1857లో పబ్లిషర్ దాన్ని జి మేజర్‌కు మార్చి అచ్చేశాడు. ఆరు ఫ్లాట్లు చూస్తే కొనేవాళ్లు జడుసుకుంటారని! ఇదేమిటని అడగడానికి షూబర్ట్ అప్పటికే లేడు. అమెరికాలో పాటలు కట్టే ఇర్వింగ్ బెర్లిన్ ఎప్పుడూ నల్ల మెట్ల మీదే వాయిస్తూ, కింద లివర్ జరిపితే శ్రుతి మారే పియానో పెట్టుకుని హిట్ మీద హిట్ కొట్టాడు. (ఈ సంగతి మాత్రం పిల్లలకు చెప్పలేదు. చెబితే నా ఫీజు ఏమైపోవాలి?)

మొన్న విశ్లేషణ క్లాసు. సి మేజర్‌లో మొదలైన రాగం మధ్యలో ఎఫ్ షార్ప్ అనే నల్ల మెట్టు తగిలి, డి సెవెంత్ కార్డు (కలిపి మోగే స్వరాల గుత్తి) మీదుగా జి మేజర్‌లోకి ఎలా వెళ్తుందో చెప్పాను. "ఇప్పుడు నువ్వు వాయించు" అన్నాను. మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చే పిల్లగాడు హాయిగా మొదలుపెట్టాడు. మలుపు దగ్గరికి రాగానే రెండు చేతులూ ఎత్తేశాడు. మిమ్మల్ని వెతికి ఏడుసార్లు నొక్కాడు. ఏడో నొక్కుకు రాగం సాగర్ దాటిపోయింది. పక్కనున్న చెల్లె అందుకుంది: "సార్, మైనస్ ఐదు పెడితే రెండు నొక్కుళ్లు తగ్గుతయి గద!"

అయ్యా, ఐదో స్వరం పైకెక్కినా నాలుగో స్వరం కిందికి దిగినా చేరేది ఆ జి దగ్గరికే అని పుస్తకం పట్టుకుని నెలల తరబడి చెబుతున్నాను. ఆ పిల్లకు అది మీ దగ్గర దొరికింది. ఆ మార్కులు మీకే వేశాను, ఏడుపుతో.

స్వరరచన సంగతి ఇంకా ఘోరం. 'ఇ' ఫ్లాట్ మేజర్‌లో ఎనిమిది బార్ల (తాళపు గళ్ల) ట్యూన్ రాసుకు రమ్మన్నాను. మనవాళ్ల లెక్కలో రెండున్నర శ్రుతి. కాగితం మీద ఒక్క ఫ్లాటూ లేదు. అడుగున ఎర్ర పెన్నుతో "ప్లస్ 3" అని ఉంది. "ఇదేందిరా?" అంటే, "ఎవరు వాయించినా బటన్ ఉంటది గద సార్" అన్నాడు. ఉండదు నాయనా. పోయినేడాది హైదరాబాద్‌లో అసలు పియానో ముందు కూర్చోబెడితే, మూత ఎత్తి, వంగి, కింద కూడా చూశాడు.

పైగా సి మేజర్ తేలికట. పియానో మహానుభావుడు షోపాన్ పారిస్‌లో పాఠాలు చెప్పినప్పుడు బి మేజర్ స్కేలుతో మొదలుపెట్టేవాడు. పొడుగు వేళ్లు నల్ల మెట్ల మీద, పొట్టి వేళ్లు తెల్లవాటి మీద వాటంగా కూర్చుంటాయని. అన్నీ తెల్ల మెట్లే ఉన్న సి మేజర్‌లో చేతికి ఆ ఆసరా లేదు. ఈ మాట చెబితే పిల్లల తల్లులు నన్ను జాలిగా చూస్తారు.

పెళ్లి స్టేజీ మీద పాడేవాడు మైకు అందుకున్నాక వెనక్కి తిరిగి "అన్నా, అర శ్రుతి దించు" అంటాడు చూడండి, అక్కడ మీరే దిక్కు. కాదనను. నా క్లాసులో మాత్రం వచ్చే ఆదివారం నుంచి మీ నెత్తిన ప్లాస్టర్ వేస్తున్నాను. పీకితే ఫీజు డబుల్ అని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నిమిషంలో జవాబొచ్చింది: "సార్, ప్లాస్టర్ మీరే ఇస్తరా, మేం కొనాల్నా?"

ఇట్లు,
సి మేజర్ బాధితుడు