గిన్నె ఎగిరిపడితే ఇంజిన్‌నే మార్చెయ్యాలా?

"బెథెస్డా వాళ్లది పాత ఇంజిన్. అందుకే వాళ్ల గేముల్లో ఇల్లు సర్దుకోవడం నరకం. అన్‌రియల్‌కి మారితే అన్నీ సెట్ అయిపోతాయి." బెథెస్డా స్టూడియో చేసిన స్కైరిమ్ గేములో ఇళ్ల మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అంటారు, పదిమంది షేర్ చేస్తారు. (ఇంజిన్ అంటే గేముని నడిపే మూల సాఫ్ట్‌వేర్, అన్‌రియల్ అలాంటి ఇంకో ఇంజిన్.) ఇరవై ఏళ్లుగా ఈ గేముల్లో ఇళ్లు సర్దుకుంటున్నవాణ్ణి. ఈ మాట ఒప్పుకోలేను.

ముందు "పాత ఇంజిన్" సంగతి. వంశం పాతదే. 2002లో బెథెస్డా గేమ్ మారోవిండ్ వాడిన నెట్‌ఇమ్మర్స్ అనే ఇంజిన్ తర్వాత గేమ్‌బ్రయో అయింది, దాని మీదే స్కైరిమ్ నాటికి క్రియేషన్ ఇంజిన్ తయారైంది. కానీ ఇల్లు సర్దుకోవాలన్న ఆశ మనకు పుట్టిందే దీనివల్ల. ఇందులో చెంచా, రొట్టె, పుస్తకం దేనికది విడి వస్తువు. ఒక ఊళ్లో తీసుకున్న గిన్నెని ఇంకో ఊళ్లో మన బల్ల మీద పెడితే, అది ఎక్కడుందో సేవ్ ఫైల్ గుర్తుపెట్టుకుంటుంది. మారోవిండ్‌లోని బాల్మోరా అనే ఊళ్లో ఒక చిన్న ఇంట్లో నేను వరసగా పేర్చిన పుస్తకాలు, ఎన్నో గంటల ఆట తర్వాత తిరిగొచ్చినా అలాగే ఉన్నాయి. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. చాలా ఆర్‌పీజీల్లో (ఒక పాత్రగా మారి ఆడే గేముల్లో) బల్ల మీది గిన్నె గోడలాగే బొమ్మలో భాగం, చేతికి రాదు. విచర్ 3 అనే ఆర్‌పీజీలో మనకిచ్చే కోర్వో బియాంకో ఎంత అందమైన ఇల్లో! కానీ కవచాన్ని దాని స్టాండుకే తొడగాలి, కత్తిని దానికి కేటాయించిన చోటే పెట్టాలి.

ఇక వస్తువులు ఎగిరిపడటం. ఈ ఫిర్యాదు నిజమే. స్కైరిమ్‌లో గదిలోకి అడుగుపెట్టగానే జాగ్రత్తగా పేర్చినవన్నీ చెల్లాచెదురవడం చాలామంది చూసినదే. అయితే దానికి కారణం పాతదనం కాదు. 2006లో మారోవిండ్ తర్వాతి గేమ్ ఆబ్లివియన్‌తో, వస్తువుల కదలికని లెక్కగట్టే హావక్ ఫిజిక్స్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది, వస్తువులకు బరువు, దొర్లడం వచ్చాయి. గది లోడ్ అయ్యేటప్పుడు రెండు వస్తువులు కాస్త ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటే, ఫిజిక్స్ వాటిని విడదీయడానికి నెడుతుంది, గిన్నె ఎగురుతుంది. పైగా స్కైరిమ్‌లో ఈ లెక్క ఫ్రేమ్‌రేట్‌కి (సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు మారతాయన్నదానికి) ముడిపడి ఉంది కాబట్టి అది 60 దాటితే గోల ఇంకా ఎక్కువ. అంతకంటే పాతదైన మారోవిండ్‌లో ఈ బాధే లేదు. అక్కడ కింది వస్తువుని తీసేసినా పైది గాల్లో అలాగే నిలబడుతుంది!

"నచ్చినచోట మంచం వేసుకోనివ్వదు" అనేది ఇంకో ఆరోపణ. స్కైరిమ్‌కి 2012లో వచ్చిన అదనపు భాగం హార్త్‌ఫైర్‌లో ఫర్నిచర్‌కి ముందే నిర్ణయించిన చోట్లు ఉన్న మాట నిజం. మూడేళ్లకే, అదే క్రియేషన్ ఇంజిన్ మీద వచ్చిన బెథెస్డా గేమ్ ఫాలౌట్ 4లో గోడ దగ్గర్నుంచి దీపం దాకా మనమే పెట్టుకున్నాం. మధ్యలో మారింది ఇంజిన్ కాదు. వర్క్‌షాప్ అనే పనిముట్టుని కూర్చుని తయారుచేశారు, అంతే.

అన్‌రియల్ గురించి. 2025లో వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్డ్‌లో బొమ్మ చూపించేది అన్‌రియల్ 5, కింద ఆట నడిపేది పాత ఇంజినే. వెలుగు అద్భుతంగా ఉంది, కానీ ఇల్లు సర్దుకునే ప్రత్యేక మోడ్ ఏదీ కొత్తగా రాలేదు. అన్‌రియల్ 4 మీద చేసిన హాగ్వర్ట్స్ లెగసీ గేములో మనం సర్దుకునే గది రూమ్ ఆఫ్ రిక్వైర్‌మెంట్ నాకు చాలా ఇష్టం. వస్తువుని తిప్పవచ్చు, సైజు, రంగు మార్చవచ్చు. అయితే అవి వాళ్లిచ్చిన జాబితాలోని వస్తువులే. దారిలో కనిపించిన గ్లాసు తెచ్చి అక్కడ పెట్టలేం. ఆ సౌకర్యాలైనా అన్‌రియల్ డబ్బాలో వచ్చినవి కావు, స్టూడియో వాళ్లు రాసుకున్నవి. 2004 నాటి ఆన్‌లైన్ గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చూడండి. ఇంజిన్ పడేయకుండానే 2025 డిసెంబర్లో ఇళ్లు తెచ్చింది, వస్తువుని ఏ కోణంలోనైనా పెట్టే మోడ్‌తో సహా.

ఒక ఇంట్లో ఇన్ని వస్తువులే పెట్టాలన్న పరిమితి గేమ్ చేసినవాళ్ల సోమరితనమని కూడా కొందరంటారు. ఆ మాటకి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేములో ఏళ్ల తరబడి చిన్న ఇంట్లో 200, పెద్ద ఇంట్లో 400 వస్తువులే పట్టేవి. అక్కడ ప్రతి కుర్చీనీ సర్వర్ దాచుకోవాలి, వచ్చిన ప్రతి అతిథికీ పంపాలి.

మారోవిండ్, ఆబ్లివియన్, స్కైరిమ్‌ల వరసే ఎల్డర్ స్క్రోల్స్. అందులో వచ్చే గేములో నేను అడిగేది రెండే: చేతిలో ఉన్న వస్తువుని తిప్పే మీట, పెట్టాక కదలకుండా బిగించే మీట. స్కైరిమ్‌లో మాడ్లు (గేముకి బయటివాళ్లు చేర్చే మార్పులు) చేసేవాళ్లు ఈ రెండూ ఎప్పుడో ఇచ్చేశారు, అదే ఇంజిన్ మీద.