వెనకడుగు వేయని నాయకుడట!

నాయకత్వ శిక్షణ పేరుతో మధ్యాహ్నమంతా కూర్చోబెట్టారు. తెర మీద గుర్రం, తెల్లని అంగీ, ఎర్ర శిలువ. ‘టెంప్లర్ల అధిపతిలా వెనకడుగు వేయకండి’ అని ఉపన్యాసం. (టెంప్లర్లంటే క్రూసేడ్లలో, అంటే జెరూసలేం కోసం ముస్లింలతో సాగిన యుద్ధాల్లో, పోరాడిన క్రైస్తవ యోధుల సంఘం.) ఏ అధిపతి నాయనా? వాళ్లలో గెరార్డ్ ద రిడ్‌ఫోర్ అనే అధిపతి పేరు ఎప్పుడైనా విన్నావా?

ఆ మహానుభావుడి కడుపుమంటకు మూలం తప్పిపోయిన పెళ్లి అంటారు. ట్రిపోలి ప్రభువు రేమండ్ ఒక వారసురాలినిచ్చి చేస్తానని ఆశపెట్టి, చివరికి ఆమెను పీసా వర్తకుడికి కట్టబెట్టాడు. పెళ్లికూతురిని త్రాసులో కూర్చోబెట్టి, ఆమె ఎత్తు బంగారం పోశాడట ఆ వర్తకుడు! (కట్నం ఎదురు పారిందన్నమాట.) మనవాడు సన్యాసుల్లాంటి టెంప్లర్లలో చేరి బ్రహ్మచర్యం పట్టాడు, అధిపతీ అయ్యాడు కానీ పగ మాత్రం వదలలేదు.

1187 మే 1న నజరేతు దగ్గర క్రెసాన్ ఊటల వద్ద ముస్లిం సుల్తాన్ సలాదిన్ సైనికులు వేల మంది. ఇటువైపు గుర్రపు యోధులు నూట నలభై మందికి మించరు. వెనక్కి పోదామన్న సాటి యోధుడితో ‘ఆ బంగారు జుట్టు తల మీద అంత మమకారమా’ అన్నాడట. ఆ తల అక్కడే పోయింది. వద్దన్న హాస్పిటలర్ల (ఇలాంటిదే మరో యోధుల సంఘం) అధిపతీ పోయాడు. రెచ్చగొట్టినవాడు మాత్రం మరో ఇద్దరు ముగ్గురితో బయటపడ్డాడు. వెనకడుగు వేయలేదు మరి, గుర్రం వేసింది!

బుద్ధి వచ్చిందా? జూలైలో సఫూరియా ఊటల దగ్గర క్రైస్తవ సైన్యమంతా ఉంది. తన భార్యే టిబేరియాస్ కోటలో ముట్టడిలో చిక్కుకున్నా, దారిలో నీళ్లు లేవు, కదలవద్దన్నాడు రేమండ్. జెరూసలేం రాజు గై సరేనన్నాడు. అర్ధరాత్రి గుడారంలో దూరి రాజు మనసు మార్చింది ఎవరు? ఈయనే. తెల్లవారితే ప్రయాణం, ఎండ, దాహం. 4వ తేదీన హత్తీన్‌లో సర్వనాశనం. పట్టుబడ్డ టెంప్లర్ల తలలు తీయించిన సలాదిన్ వారి అధిపతిని మాత్రం ఉంచుకున్నాడు. గాజా కోట అప్పగింతతో ఆయన విడుదలయ్యాడు.

వద్దన్నవాడు ద్రోహి, ముంచినవాడు వీరుడు. మాకు ఇది కొత్తా? ఆ గడువులో పని కాదని చెప్పినందుకు నా మదింపులో ‘ధైర్యం తక్కువ’ అని రాశారు. పని మునిగింది, కింది వాళ్ల ఉద్యోగాలు పోయాయి. రాసినాయనకు పదోన్నతి, సన్మానం, పట్టు శాలువా. ఆ శాలువాకు నా దగ్గర కూడా చందా వసూలు చేశారు!