నెట్ లేని ఊళ్లో రోగాలుండవట!

మళ్లీ అదే మెసేజ్. "ఇంటర్నెట్ లేని ఊళ్లలో రోగాలుండవు. టవర్ల వల్లే క్యాన్సర్. 5జీ వల్లే కరోనా. నెట్ రాకముందు అందరూ నూరేళ్లు బతికేవారు. టవర్లు పీకించండి, పది మందికి పంపండి." పంపేవాళ్లంతా కావలసినవాళ్లే కాబట్టి బ్లాక్ చేయలేను, జవాబే రాస్తున్నా.

5జీ ముఖం చూడని దేశాల్లోనూ కరోనా వచ్చింది. అది అయిపోయింది.

నూరేళ్ల ముచ్చటకొస్తే, ప్రపంచ సగటు ఆయుర్దాయం 2000లో సుమారు 67 ఏళ్లు, 2019 నాటికి 73. ఇది నెట్ ఘనత అనను. మీరు చెప్పినట్టు మాత్రం తగ్గలేదు.

టవర్లు... టవర్లు వదిలే రేడియో తరంగాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే 2బి జాబితాలో చేర్చిన మాట నిజమే. ఆధారాలు అరకొరగా ఉన్నవి వేసే జాబితా అది. కలబంద ఆకు సారం కూడా అందులోనే ఉంది. పొద్దున్నే కలబంద రసం తాగమని పంపేదీ మీరేగా?

అసలు ప్రమాదం మొదటి వాక్యంలో ఉంది. నెట్ లేని ఊళ్లో రోగాలు లేకపోవడం కాదు, ఉన్నట్టు బయటికి తెలియదు. పదిమందికి ఒకేసారి విరేచనాలు పట్టుకుంటే ఆ సంగతి రాసిన కాగితం పైఅధికారులకు చేరేసరికి ఊరంతా మంచం పడుతుంది. 2003 ఫిబ్రవరి 10న చైనాలోని గ్వాంగ్‌జౌలో ఏదో జబ్బుతో జనం చనిపోతున్నారట, నిజమేనా అని అంటువ్యాధుల కబుర్లు పంచుకునే ప్రోమెడ్ అనే ఈమెయిల్ జాబితాలో ఒక ప్రశ్న వచ్చింది. అది సార్స్ అనే ప్రాణాంతక శ్వాసకోశ వ్యాధి. తర్వాత కరోనాగా తేలిన వుహాన్ న్యుమోనియా సంగతీ 2019 డిసెంబర్ 30న అందులోనే వచ్చింది. టీకాలు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. రాత్రి కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే, సెన్సర్ ఉన్నచోట నర్సు ఫోన్ మోగుతుంది. సిగ్నల్ లేకపోతే? పాడైన మందే పిల్లల చేతికి గుచ్చొచ్చు. పీకండి మరి టవర్లు!

నెట్‌లో విషం లేదని కాదు. 2020లో ఇరాన్‌లో మద్యం తాగితే కరోనా పోతుందన్న పుకారు నమ్మి, మిథనాల్ తాగి వందల మంది పోయారు. ఆ పుకారూ ఇలాంటి ఫార్వర్డే.

ఒక్క మాట మాత్రం మీకే వదిలేస్తా. మశూచిని 1980 నాటికి నెట్ లేకుండానే నిర్మూలించారు, ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలతో. ఇప్పుడు యాప్ ఉందిగా, వాళ్లెందుకు అని ఎవరైనా అంటే, ఆ గొడవలో నేను మీ పక్కే.