లెక్క తేలిందట, గర్భసంచి తీసేయడమే చవకట!

ఇప్పుడే ఫ్యామిలీ గ్రూపులో మాకు బాబాయ్ వరసయ్యే ఒకాయన జ్ఞానబోధ చేశారు. "నెలసరి బ్లీడింగ్ ఎక్కువైతే ఈ బెలూన్లూ లూపులూ దేనికి? గర్భసంచి తీయించేస్తే ఒక్క ఖర్చుతో పీడా పోతుంది. బ్రిటన్ వాళ్లే లెక్కగట్టారు" అట. కింద వరసగా లైకులు. అన్నీ మగవాళ్లవే, చెప్పాలా!

లెక్కగట్టారు, నిజమే. 2011లో వచ్చిన ఆ పరిశోధనలో, పెట్టిన ఖర్చుకు దక్కే ఆరోగ్యం లెక్కేస్తే హిస్టెరెక్టమీదే, అంటే గర్భసంచి తీసేయడానిదే పైచేయి. బాబాయ్ అన్న బెలూన్ లాంటి వాటితో చేసే అబ్లేషన్‌లో గర్భసంచి లోపలి పొరను కాల్చేసి చాలావరకు ఆ రోజే ఇంటికి పంపేస్తారు, మొదట చవకే. కొందరికి బ్లీడింగ్ మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆపరేషన్, ఆ ఖర్చూ కలుస్తుంది. అసలు సంచే లేకపోతే మళ్లీ రావడానికేముంది? గెలవక ఏం చేస్తుంది! కానీ బాబాయ్ గారూ, అదే పరిశోధన పత్రం చివర ఇంకో మాటుంది. మన బాధకు వేసే మార్కులు మారితే ఫలితం కూడా బాగా మారిపోతుందని. అవునండీ, మార్కులే. చావుకి సున్నా, పూర్తి ఆరోగ్యానికి ఒకటి. మధ్యలో మనం.

పైగా అది ఆస్పత్రుల వైపు నుంచి వేసిన లెక్క. కోత పడ్డాక వారాల తరబడి బరువెత్తకూడదంటారే, ఆ వారాలు ఇంటి పని ఎవరు చేశారు, ఎవరి జీతం పోయింది? దానికి గడే లేదు. పనిలో పని అండాశయాలూ తీసేయమనే మహానుభావులూ ఉన్నారు. అవి పోతే వెంటనే మెనోపాజ్, ఆ వేడి ఆవిర్లు వాళ్లకు రావు కదా. అదే బ్రిటన్‌లో 2018 మార్గదర్శకాలు లోపల పెద్ద గడ్డల్లాంటివి లేకపోతే ముందు హార్మోన్ లూప్ (గర్భసంచిలో పెట్టే, హార్మోన్ వదిలే చిన్న పరికరం) చూడమంటాయి. అది ఫార్వర్డ్ చేయరేం?

అయినా ఈయన్ననేం లాభం, డాక్టర్లే అలా ఉంటే! నెలకు 80 మిల్లీలీటర్లు దాటితేనే 'ఎక్కువ' అని ఒకప్పటి కొలత. పరిశోధనల కోసం వాడిన ప్యాడ్లు పోగుచేయించి మరీ ల్యాబులో కొలిచేవారు. ఇంట్లో మనమెలా కొలవాలి, గరాటు పెట్టుకునా? దుప్పటి కింద పాత టవల్ మడతేసి పడుకుని, అర్ధరాత్రి లేచి అది కూడా తడిసిందేమోనని తడుముకునేదాన్ని. ఆ మాట చెబితే డాక్టరమ్మ తలెత్తకుండా "అందరికీ ఉండేదేనమ్మా" అంది. హిమోగ్లోబిన్ ఏడుకి పడ్డాక గానీ స్కాన్ రాయలేదు. (ఐరన్ మాత్రలు నా కడుపుని ఏం చేశాయో ఇంకో పోస్టు రాస్తా.)

సరే, లూప్ వేయండి అన్నాను. "ముందు మీవారిని తీసుకురండి, మాట్లాడాలి" అంది. రక్తం నాది, నొప్పి నాది, అనుమతి ఆయనది! ఆయన సెలవు పెట్టి వచ్చి "నాకేం తెలుసండీ, ఆవిడ ఎలా అంటే అలా" అని ఒక్క ముక్క చెప్పి కూర్చున్నాడు. ఆ ముక్కకి మళ్లీ కన్సల్టేషన్ ఫీజు కట్టించుకున్నారు.