ఆ పాస్‌వర్డ్ ఒక్క షార్ట్‌కట్‌తో ఆగదు

"విండోస్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ గోల ఇక లేదు, ఐదు కమాండ్లు చాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు రావడం ఇది నాలుగోసారి. పంపినవాళ్లంతా కావలసినవాళ్లే. అందుకే ఊరుకోలేక రాస్తున్నా.

కమాండ్లు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా, అంటే పూర్తి హక్కులతో, తెరిస్తే సిస్టమ్ స్పీడ్ పెరుగుతుందట. పెరగదు. హక్కులు వేరు, వేగం వేరు.

ఒక్క కమాండ్‌ని అడ్మిన్ హక్కులతో నడిపే సుడో లినక్స్‌లో ఉంది, విండోస్‌లో లేదట. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ఉంది. సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి, అంతే.

విండోస్ సెట్టింగ్స్ నిల్వ ఉండే రిజిస్ట్రీలో ఎనేబుల్‌ఎల్‌యూఏ అనే విలువని సున్నా చేస్తే, అడ్మిన్ హక్కులు కావాల్సినప్పుడు విండోస్ 'ఎస్, నో' అడగడం ఆగిపోతుందట. నిజమే, ఆగిపోతుంది. అడ్మిన్ అకౌంట్‌లో ఉన్నవాళ్లు మెయిల్లో వచ్చిన వైరస్ ఫైల్ నొక్కినా అడగదు మరి!

ఇక అసలు ప్రమాదం మిగతా రెంటిలో ఉంది. విండోస్‌తోనే వచ్చి మూలన పడున్న అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌ని లేపి, వేరే అకౌంట్ పేరుతో ప్రోగ్రామ్ నడిపే రన్‌యాజ్ కమాండ్‌కి పాస్‌వర్డ్ దాచుకునే సేవ్‌క్రెడ్ తగిలించి షార్ట్‌కట్ చేసుకోమన్నారు. పాస్‌వర్డ్ ఒక్కసారి కొడితే చాలట. ఆ అకౌంటే ఎందుకు? రన్‌యాజ్ మనిషిని మారుస్తుందే కానీ హక్కులు పెంచదు. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పటి నుంచీ మామూలు అడ్మిన్ అకౌంట్‌కి కూడా ముందు దక్కేవి కత్తిరించిన హక్కులే. కాబట్టి ఎలివేషన్, అంటే పూర్తి అడ్మిన్ హక్కులు, కావాల్సిన ప్రోగ్రామ్‌ని రన్‌యాజ్‌తో నడిపితే 740 ఎర్రర్ వస్తుంది. మూలనున్న ఆ అకౌంట్‌కి మాత్రం ఈ కత్తిరింపు లేదు. దాని పాస్‌వర్డ్‌నే దాచిపెట్టమంటున్నారు!

మా బాబాయి షాపులో బిల్లింగ్ కంప్యూటర్‌కి ఎవరో సరిగ్గా ఇదే చేసి వెళ్లారు. "ఆ ఒక్క బిల్లింగ్ ప్రోగ్రామ్‌కే కదరా" అన్నాడు బాబాయి. కాదు. దాచిన పాస్‌వర్డ్ షార్ట్‌కట్‌లో ఉండదు, షాపు కుర్రాళ్లు వాడే లాగిన్‌లో ఉంటుంది. బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని, అదే లాగిన్‌లో, అదే కమాండ్‌లో బిల్లింగ్ ప్రోగ్రామ్ పేరు తీసి సీఎమ్‌డీ (కమాండ్ ప్రాంప్ట్) అని కొట్టాను. ఏమీ అడగకుండా పూర్తి అడ్మిన్ హక్కులతో నల్ల విండో తెరుచుకుంది. అందులోంచి బాబాయి పాస్‌వర్డే మార్చేయొచ్చు. ఆయన ముఖంలో రంగు మారింది. దీన్ని "సేఫ్ ట్రిక్" అని రాసినవాళ్లు ఒక్కసారైనా ఈ పరీక్ష చేసి చూశారా?

ఒక్క మాట ఒప్పుకుంటాను. 'ఎస్, నో' అడిగే ఆ యూఏసీ అసలు రక్షణ గోడే కాదని మెసేజ్‌లో ఉంది. అది సరైన మాటే. దాన్ని భద్రతా సరిహద్దుగా తాము పరిగణించడం లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. విస్టాలో ఆ ప్రశ్నలు మనుషుల్ని విసిగించిన మాటా నిజం. కానీ కుర్రాళ్లకి విడిగా ఇచ్చిన, అడ్మిన్ కాని మామూలు అకౌంట్ నిజమైన గోడ. సేవ్‌క్రెడ్ కన్నం పెట్టేది దానికే.

చాలా పాత సాఫ్ట్‌వేర్ అడ్మిన్ హక్కులు అడిగేది తన ఫోల్డర్‌లో తనే రాసుకోలేకే. బాబాయి షాపులోనూ అదే సంగతి. ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి వెళ్లి, కుర్రాళ్ల అకౌంట్‌కి మాడిఫై (మార్చే) హక్కు ఇచ్చాను. దాచిన పాస్‌వర్డ్‌ని విండోస్ పాస్‌వర్డ్లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లోంచి తీసేశాను. లేపిన అకౌంట్‌ని మళ్లీ ఆపేశాను. బిల్లులు ఎప్పట్లాగే వస్తున్నాయి.