టెనసీ ఓటు: ఉత్తరం ఒక్కటే కాదు
1920 ఆగస్టు 18న అమెరికాలోని టెనసీ రాష్ట్ర ప్రతినిధుల సభలో సభ్యుడు హ్యారీ బర్న్ తన తల్లి ఉత్తరం చదివి ఓటు మార్చడంతోనే, మహిళలకు ఓటు హక్కునిచ్చే అమెరికా రాజ్యాంగ 19వ సవరణ గట్టెక్కిందని ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. బర్న్ ఓటుకు ముందు ఆ సవరణను పక్కన పెట్టేయాలన్న ప్రతిపాదన 48-48తో వీగిపోయింది. అక్కడ అడ్డుపడింది మరో సభ్యుడు బ్యాంక్స్ టర్నర్. ఆయన పేరు ఎవరికీ గుర్తుండదు, పాపం. ఆ తర్వాత అసలు ఓటింగులో బర్న్ ఓటుతో 49-47 తేడాతో సవరణ నెగ్గింది.

తమాషా ఇక్కడే ఉంది. గెలిచిన పక్షాన ఓటేసినవారే పునఃపరిశీలన, అంటే ఆ నిర్ణయంపై మళ్లీ ఓటింగు, కోరగలరు. అందుకని వ్యతిరేకి అయిన స్పీకర్ సెత్ వాకర్ తన ఓటును అనుకూలంగా మార్చుకున్నారు. దాంతో లెక్క 50 అయింది. 99 మంది సభలో కావలసిన మెజారిటీ ఆయన చేత్తోనే సమకూరింది! కోరం లేకుండా చేయాలని వ్యతిరేక సభ్యులు కొందరు అలబామాలోని డెకేటర్‌కు జారుకున్నా లాభం లేకపోయింది. 24న టెనసీ గవర్నర్ రాబర్ట్స్ ఆమోద పత్రంపై సంతకం పెట్టేశారు.