తల తిప్పితేనే తగ్గే తూలుడు

'కళ్లు తిరుగుతున్నాయి' అన్న మాటకు మనకు రెండర్థాలు. స్పృహ తప్పేలా ఉందనడానికీ అదే మాట, గది గిర్రున తిరుగుతోందనడానికీ అదే. మొదటిదైతే గుండె, రక్తపోటు, రక్తహీనత చూడాలి. రెండోదైతే ముందు చెవి చూడాలి. ఓపీ రద్దీలో ఈ తేడా అడిగే తీరిక తక్కువ. మెడ ఎక్స్‌రే మాత్రం తీస్తారు. యాభై దాటాక ఎముకల అరుగుదల కనపడకపోతేనే వింత! దాంతో స్పాండిలైటిస్ అని పేరుపెట్టి మెడకు పట్టీ కడతారు, నెలల తరబడి మాత్రలు రాస్తారు.

లోపలి చెవి దెబ్బతిన్న మనిషికి ఈ రెండూ చేటే. తల కుడికి తిరిగితే కళ్లు అంతే వేగంగా ఎడమకు జరగాలి. ఆ కబురు చెవిలోని అర్ధవృత్తాకార కుల్యల (తల కదలికను పసిగట్టే సన్నని గొట్టాల) నుంచి వస్తుంది. ఒక చెవి నరం వాచి కబురు తగ్గితే తల కదిపినప్పుడల్లా చూపు జారిపోతుంది. పోయిన కణాలు చాలినంతగా తిరిగి పుట్టవు కాబట్టి మెదడే లెక్క సరిచేసుకోవాలి. చూపు జారుతుంటేనే తప్పు ఎంతో దానికి తెలిసేది. పట్టీ తలను కదలనివ్వదు, మాత్ర మెదడును మందగింపజేస్తుంది. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజైన్ వంటివి తొలి రెండు మూడు రోజుల వాంతులకు మంచివే. నెలలు మింగితే కోలుకోవడం ఆలస్యమవుతుంది, పెద్దవాళ్లలో వణుకు, నడక బిగుసుకుపోవడం మొదలవుతాయి.

మెదడు ఇలా సరిచేసుకునేందుకు తల కదిలిస్తూ చేసే వ్యాయామం సంగతి కొత్తదేం కాదు. ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే వైద్యులు 1940ల్లోనే దీన్ని ఒక పద్ధతిలో పెట్టారు. 2015లో కాక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి తూచే సంస్థ) సమీక్ష 39 అధ్యయనాల్లోని 2,441 మంది ఫలితాలు చూసి, ఒక చెవి లోపానికి ఇది సురక్షితం, ఫలవంతం అని తేల్చింది. సరంజామా కూడా పెద్దగా అక్కర్లేదు. పాత పెళ్లిపత్రిక వెనక 'క' అని రాసి, కంటి ఎత్తులో చేతి దూరాన పట్టుకోవాలి. చూపు అక్షరం మీదే ఉంచి తలను కొద్దిగా అటూ ఇటూ ఒక నిమిషం, తర్వాత పైకీ కిందికీ ఒక నిమిషం ఆడించాలి. అక్షరం చెదిరిపోబోయే అంచు దాకా వేగం పెంచాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే: తూలుతుందన్న భయంతో మెల్లగా ఊపుతారు, మెదడుకు సరిదిద్దుకోవాల్సిన పనే పడదు. కాస్త తిప్పు రావడం మామూలే. కాసేపట్లో సర్దుకోకపోతే మోతాదు తగ్గించాలి. కూర్చుని కుదిరాక నిలబడి, ఆపైన నడుస్తూ చేయాలి. నిలబడేవారు గోడ మూలలో, ముందు కుర్చీ పెట్టుకుని చేయాలి. దీర్ఘకాల సమస్యకు 2022 అమెరికా మార్గదర్శకాలు రోజుకు 3 నుంచి 5 విడతలుగా మొత్తం కనీసం 20 నిమిషాలు, 4 నుంచి 6 వారాలు అంటున్నాయి.

పక్క మీద దొర్లినప్పుడు మాత్రమే కళ్లు తిరిగి నిమిషంలోపు ఆగేది వేరే జబ్బు. చెవిలో చోటు తప్పిన కాల్షియం రేణువులను ఎప్లీ పద్ధతిలో తల తిప్పి వెనక్కి పంపాలి. మాత్రకు ఆ పని చేతకాదు. మాట తడబడటం, ఒకటి రెండుగా కనపడటం తోడైతే వ్యాయామం కాదు, వెంటనే ఆసుపత్రి.

నెదర్లాండ్స్‌లో 50 దాటిన 322 మందిపై జరిగిన ప్రయోగంలో ఇంటర్నెట్ ద్వారా నేర్పిన ఆరు వారాల వ్యాయామం మామూలు వైద్యం కంటే మేలు చేసిందని 2019లో వెల్లడైంది. తెలుగులోనూ అలాంటిది కావాలి, కానీ అనువాదంతో సరిపోదు. తూలుడు తీవ్రతను కొలిచే 25 ప్రశ్నల పట్టికలో సూపర్‌మార్కెట్ అరల మధ్య నడక గురించి ఒక ప్రశ్న ఉంది. పొలం గట్టు మీద నడిచే మనిషిని అదడిగి ఏం లాభం? ఈ ప్రశ్నలను ఇక్కడి రోగులతో సరిచూసే పరిశోధనకు వైద్య విశ్వవిద్యాలయాలు డబ్బు కేటాయించాలి.

ఈలోగా చేయగలిగిందొకటుంది. ఫిజియోథెరపీ అంటే మనవాళ్లకు కరెంటు పెట్టించుకోవడమే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ విభాగానికి పంపే చీటీ మీద సమతుల్య వ్యాయామానికి ఒక గడి, ఆరు వారాల తర్వాత తిరిగి రావాల్సిన తేదీకి మరొక గడి అచ్చు వేయించాలి.